రింగుకీ హలోకీ మధ్య

"హలో!"

"హలో, ఎవరండీ?"

"నేనే."

"నేనే అంటే...?"

"ఏంటి, గొంతు కూడా గుర్తుపట్టలేవా? ఎవరో చెప్పుకో చూద్దాం!"

ఈ మాటలు వినపడని తెలుగిల్లు ఉండదు. అవతల ఏ మేనత్తో, పాత స్నేహితుడో ఉంటారు. సరదాకే అడుగుతారు. ఇవతలి మనిషి మెదడు ఆ కాస్తసేపట్లో ఎంత పని చేయాలో చూడండి. తెలిసిన గొంతులన్నిటినీ తిరగేయాలి. వయసు అంచనా కట్టాలి, లేకపోతే "చెప్పు" అనాలో "చెప్పండి" అనాలో తేలదు. ఆ నవ్వు వేళాకోళమా, నిష్ఠూరమా పోల్చుకోవాలి. ఎదుటి మొహం కనబడదు, ఆలోచించుకునే వ్యవధీ లేదు. చాలామందికి ఇదంతా తమకు తెలియకుండానే జరిగిపోతుంది. ఆటిజం ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఒక్కో మెట్టూ తెలిసి తెలిసి ఎక్కాలి. "ఫోన్ ఎత్తడానికి నీకేం రోగం?" అని కసిరే ఇంట్లోవాళ్లకి ఈ శ్రమ కనిపించదు.

ఫోన్ మాటల తీరును సామాజిక శాస్త్రవేత్తలు 1960లలోనే పట్టి చూశారు. ఫోన్‌లో సైగలూ మొహాలూ ఉండవు కాబట్టి టేపులో ఎక్కిందే మొత్తం సంభాషణ, పరిశోధనకి అంతకన్నా వీలైన సరుకు ఏముంటుంది? హార్వీ శాక్స్ అనే అమెరికన్ లాస్ ఏంజెలెస్‌లోని ఆత్మహత్యల నివారణ కేంద్రానికి వచ్చిన కాల్స్ వింటూ పని మొదలుపెట్టాడు. ఆయన సహచరుడు ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ ఒక పోలీసు విభాగానికి వచ్చిన, అక్కడి నుంచి వెళ్లిన సుమారు ఐదు వందల కాల్స్ ఎలా మొదలయ్యాయో పరిశీలించాడు. అన్నిట్లోనూ ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడారు. ఒక్కదాంట్లో మాత్రం ఎత్తినవాళ్లు మాట్లాడలేదు. ఒక క్షణం నిశ్శబ్దం, ఆ తర్వాత ఫోన్ చేసిన మనిషే "హలో" అన్నాడు. అందరూ పక్కన పడేసే ఆ ఒక్క కాల్‌ని పట్టుకుని షెగ్లాఫ్ తన సూత్రాన్నే తిరగరాశాడు. సంభాషణ "హలో"తో మొదలవదు, రింగుతోనే మొదలవుతుంది. రింగు అంటే పేరు పెట్టి పిలవడం లాంటిదే. దానికి జవాబు రాలేదు కాబట్టే ఆ మనిషి "హలో" అని మళ్లీ పిలిచాడు. 1968లో అచ్చయిన ఈ విశ్లేషణని ఫోన్ భయం ఉన్నవాళ్ల వైపు నుంచి చదివితే విషయం ఇంకా తేటపడుతుంది. ఫోన్ మోగేసరికే మీ వంతు వచ్చేసింది. ఎవరు పిలుస్తున్నారో, దేనికో తెలియకుండానే మీరు బాకీ పడిపోయారు.

ముగింపు సంగతి మరీ చిత్రం. షెగ్లాఫ్, శాక్స్ 1973లో దాని మీదే విడిగా ఒక వ్యాసం రాశారు. సంభాషణ తనంతట తాను ఆగిపోదు, ఇక చెప్పేదేమీ లేదని ఇద్దరూ కలిసి తేల్చుకోవాలి. దానికి ముందు ఒకరు సూచన ఇస్తారు, రెండోవాళ్లు అందుకుంటారు. మన దగ్గర ఆ పని "సరే మరి", "ఇంకేంటి?", "అంతే కదా" అన్నవి చేస్తాయి. "ఇంకేంటి?" అన్నది చాలాసార్లు పెట్టేద్దామా అనే. మాటని మాటగానే తీసుకునే మనిషి మాత్రం అది నిజంగా ప్రశ్నే అనుకుని, ఇంకేముందా అని వెతుక్కుని మరో విషయం ఎత్తుకుంటాడు. లేదా ఏమీ తోచక "ఏం లేదు" అని ఠక్కున పెట్టేస్తాడు. మొదటివాడికి సుత్తి అని పేరు, రెండోవాడికి పొగరని పేరు.

అసలు ఇబ్బంది కాలంతో వస్తుంది. 2009లో నెదర్లాండ్స్‌లోని మాక్స్ ప్లాంక్ భాషా మనోవిజ్ఞాన సంస్థ పరిశోధకులు జపనీస్, డేనిష్, లావోతో సహా పది భాషల్లో జనం ప్రశ్నకి జవాబివ్వడానికి ఎంతసేపు తీసుకుంటున్నారో కొలిచారు. భాషకీ భాషకీ కొద్దిపాటి తేడాలున్నా మొత్తం మీద వ్యవధి 200 మిల్లీసెకన్ల దగ్గర తిరిగింది, అంటే సెకనులో ఐదో వంతు. మరోవైపు, ఒక బొమ్మ చూసి దాని పేరు పలకడానికే మెదడుకు సుమారు 600 మిల్లీసెకన్లు పడుతుందని ప్రయోగశాలల్లో తేలింది. ఈ రెండు లెక్కలూ పొసగాలంటే దారి ఒకటే. ఎదుటివాళ్ల మాట పూర్తవకముందే అది ఎక్కడ ఆగుతుందో ఊహించి, మన జవాబు సిద్ధం చేసుకుంటూ ఉండాలి. తాడాటలో తిరుగుతున్న తాడు కిందకి అదను చూసి దూరినట్టు.

ఎదురెదురుగా ఉన్నప్పుడు ఆ అదను చెప్పే గుర్తులు చాలా ఉంటాయి: చూపు మళ్లడం, ఊపిరి తీసుకోవడం, చేతులు కిందికి దిగడం. ఫోన్ వీటిలో ఎక్కువ భాగాన్ని కోసేస్తుంది. దానికి నెట్‌వర్క్ జాప్యం తోడవుతుంది. మాట ఒక వైపు నుంచి రెండో వైపు చేరడానికి 150 మిల్లీసెకన్లు దాటకపోతే మేలని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రమాణం. సిగ్నల్ సరిగా లేని చోట అది దాటిపోతుంది, ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు, ఇద్దరూ ఒకేసారి ఆగిపోతారు. బెర్లిన్ పరిశోధకులు 2014లో ఒక ప్రయోగం చేశారు. లైన్‌లో కావాలని జాప్యం కలిపి, మాట్లాడినవాళ్లని అవతలి మనిషి గురించి అడిగారు. తప్పు లైన్‌ది అని వాళ్లకి తట్టలేదు, అవతలి మనిషికే శ్రద్ధ తక్కువని అనుకున్నారు. తీగ చేసిన పాపం మనిషి గుణం ఖాతాలో పడింది. విన్నది అర్థం చేసుకోవడానికి నిజంగానే అర క్షణం ఎక్కువ కావాల్సినవాళ్ల గతి ఏమిటో ఇక చెప్పక్కర్లేదు. వాళ్లు ఆలోచిస్తుంటే అవతల "హలో? హలో? ఉన్నావా?" అని మొదలవుతుంది. సగం దాకా కట్టుకున్న వాక్యం అక్కడే కూలిపోతుంది.

ఇక చెవి సంగతి. మనిషి చెవి పట్టగలిగిన ధ్వనులు సుమారు 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా. పాత టెలిఫోన్ వ్యవస్థ అందులో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే మోసేది. గొంతు ఎవరిదో, మాట ఏమిటో తెలిస్తే చాలు, తక్కినది ఖర్చు దండగ అని ఇంజనీర్లు లెక్క కట్టారు. వ్యాపారంగా అది సరైన లెక్కే. కానీ స, ఫ లాంటి ఊదుడు ధ్వనుల బలంలో చాలా భాగం ఆ పైగీతకి అవతల ఉంటుంది. ఫోన్‌లో ఇంగ్లిష్ అక్షరాలు చెప్పేటప్పుడు ఎస్‌కీ ఎఫ్‌కీ తేడా తెలియక "ఎస్ ఫర్ సూర్య" అనాల్సి రావడం అందుకే. ఇప్పటి వోల్టీ కాల్స్ 7,000 హెర్ట్జ్ దాకా మోస్తాయి కాబట్టి గొంతు స్పష్టంగా ఉంటుంది. అయితే రెండు ఫోన్లూ, రెండు నెట్‌వర్కులూ దానికి ఒప్పుకోవాలి. కస్టమర్ కేర్‌కి చేసిన కాల్ చాలాసార్లు పాత ఇరుకు దారిలోనే నడుస్తుంది.

మామూలు చెవి ఈ లోటును కళ్లతో పూడ్చుకుంటుంది. రొదలో ఉన్నప్పుడు మాట్లాడేవాళ్ల పెదవులు కనబడితే మాట ఎంతో బాగా అందుతుందని సంబీ, పొలాక్ 1954లోనే చూపించారు. ఫోన్‌లో పెదవులు లేవు. ఆటిజం ఉన్నవాళ్లకి రొదలో మాట పట్టుకోవడం అసలే కష్టమని 2004లో కేంబ్రిడ్జ్ పరిశోధన ఒకటి తేల్చింది. రొద ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు. మధ్య మధ్య అది తగ్గిన సందుల్లోంచి మన చెవి మాటను ఏరుకుంటుంది. ఆ పరిశోధనలో ఆటిజం ఉన్నవాళ్లు ఆ సందులను అంతగా వాడుకోలేకపోయారు. వినికిడి పరీక్ష చేస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. "చెవులు బాగానే ఉన్నాయి కదా, మరెందుకు వినపడదు?" అన్న ప్రశ్నకి జవాబు ఇక్కడుంది. చెవికి చేరిన శబ్దంలోంచి మాటను విడదీయడం వేరే పని. హైదరాబాద్ బస్టాపులో నిలబడి బ్యాంకు కాల్ మాట్లాడి చూడండి, ఆటిజం లేనివాళ్లకి కూడా రుచి తెలుస్తుంది.

ఫోన్ ఎప్పుడు మోగుతుందో కూడా లెక్కలోకి వస్తుంది. డైనా మర్రీ, మైక్ లెస్సర్, వెన్ లాసన్ 2005లో ఒక సిద్ధాంతాన్ని వివరంగా ముందుకు తెచ్చారు. వీరిలో లాసన్ స్వయంగా ఆటిజం ఉన్న మనస్తత్వవేత్త. ఆ సిద్ధాంతానికి మోనోట్రోపిజం అని పేరు. ఆటిజం ఉన్నవాళ్ల ధ్యాస ఒకేసారి నాలుగైదు వైపులకి పల్చగా పరుచుకోదు, ఒకే విషయంలోకి లోతుగా దిగుతుంది అని దాని సారాంశం. అలా దిగి ఉన్న మనిషిని రింగుటోన్ ఉన్నపళాన బయటికి లాగుతుంది. మాట్లాడింది ఒక్క నిమిషమే అయినా మళ్లీ పనిలో పడటానికి చాలాసేపు పడుతుంది. ఇవాళ ఎప్పుడో కాల్ వస్తుందని తెలిస్తే ఆ రోజంతా ఏ పనిలోనూ దిగలేకపోవడం కూడా ఇందులో భాగమే. అనిశ్చితిని తట్టుకోలేకపోవడం, ఆందోళన ఈ రెండూ ఆటిజంలో ఎంతగా ముడిపడి ఉంటాయో చెప్పే పరిశోధన వేరుగా చాలానే ఉంది.

ఇవి కొద్దిమంది గొడవలు కావు. ఫిలిపా హోవర్డ్, ఫెలిసిటీ సెడ్జ్‌విక్ అనే పరిశోధకులు 245 మంది ఆటిజం ఉన్న పెద్దవాళ్లని ఏ పనికి ఏ మాధ్యమం ఇష్టమని అడిగారు. 2021లో అచ్చయిన ఆ అధ్యయనం పేరులోనే "ఫోన్ తప్ప ఏదైనా సరే" అన్న మాట ఉంది. ఆఫీసులతో, సేవా సంస్థలతో పనికి వాళ్లు ముందు కోరుకున్నది ఈమెయిల్. సొంతవాళ్లతో అయితే ఎదురుగా కూర్చుని మాట్లాడటాన్నీ కోరుకున్నారు. ఇది గమనించాల్సిన సంగతి. వాళ్లకి మనుషులు వద్దని కాదు, ఫోనే వద్దు. మేరీ డోహర్టీ అనే ఐర్లండ్ మత్తు డాక్టర్, తనూ ఆటిజం ఉన్న మనిషే, 2022లో సహ పరిశోధకులతో కలిసి వైద్యం అందడంలో అడ్డంకుల మీద సర్వే ప్రచురించారు. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం కష్టమని ఆటిజం ఉన్నవాళ్లలో 62 శాతం మంది చెప్పారు, లేనివాళ్లలో 16 శాతం. ఒక్క ఫోన్ కాల్ చేయలేక డాక్టర్ దగ్గరికే వెళ్లని మనుషులు ఆ అంకెల వెనక ఉన్నారు. అందరూ ఇలాగే ఉంటారని కాదు. కళ్లలోకి చూడాల్సిన పని ఉండదని ఫోనే హాయి అనేవాళ్లూ ఆటిజం ఉన్నవాళ్లలో ఉన్నారు.

మరి మందేమిటి? "రోజుకి నాలుగు కాల్స్ చేస్తే అదే అలవాటవుతుంది" అన్నది అందరూ ఇచ్చే సలహా. భయపడే దానికి కొద్దికొద్దిగా ఎదురెళ్లే చికిత్స నిజంగానే ఉంది, చాలా భయాలకి పనిచేస్తుంది కూడా. దాని వెనక ఒక నమ్మకం ఉంటుంది: భయపడినంత ఘోరం జరగదని అనుభవం మీద మెదడు నేర్చుకుంటుందని. కానీ కాల్ చేసిన ప్రతిసారీ మాట సగమే వినపడి, అవతలివాళ్లు విసుక్కుని, వచ్చిన పని కాకుండా పోతుంటే మెదడు నేర్చుకునేది భయపడటం సబబే అని. నా ఉద్దేశంలో ఇక్కడ వరస తిరగబడాలి. ముందు కాల్‌ని తేలిక చేయాలి, సాధన తర్వాత సంగతి. ఫోన్ కోసేసిన వాటిని, అంటే ముందస్తు సమాచారాన్ని, వ్యవధిని, కంటికి కనబడే ఆధారాన్ని, వీలైనన్ని తిరిగి అతికించడమే ఉపాయం.

ఆటిజం ఉన్న పెద్దవాళ్లు ఎక్కువగా వాడేది కాగితం. ఆస్పత్రికి ఫోన్ చేయాలనుకోండి. ఆ కాగితం ఇలా ఉంటుంది:

"నమస్తే అండీ, చర్మం డాక్టర్ గారి అపాయింట్‌మెంట్ కోసం చేస్తున్నాను. ఈ వారం సాయంత్రం ఐదు తర్వాత ఎప్పుడు ఖాళీ ఉంది?"

ఉందంటే — రోజు, టైము రాసుకుని పైకి చదివి వినిపించాలి.

లేదంటే — "అయితే వచ్చే వారం మొదట దొరికేది చెప్పండి."

లైన్‌లో ఉండమంటే — "సరేనండీ." పాట వస్తుంది. స్పీకర్ పెట్టి బల్ల మీద ఉంచాలి.

అర్థం కాకపోతే — "లైన్ సరిగా లేదండీ, ఇంకోసారి నెమ్మదిగా చెప్తారా?"

చివర — "సరేనండీ, థాంక్యూ, ఉంటాను." పెట్టేయాలి.

ఫోన్ నంబరు, వయసు, పాత ఓపీ నంబరు కాగితం పైభాగాన పెద్ద అక్షరాల్లో ఉండాలి. సొంత వయసు కూడా రాసుకోవాలా అని నవ్వకండి. కంగారులో ముందు మాయమయ్యేది అదే. అన్నిటికన్నా విలువైనవి 'లేదంటే', 'అర్థం కాకపోతే' అన్న వరుసలు. మొదటి వాక్యం ఎవరైనా రాసుకుంటారు, కాల్ దారి తప్పేది రెండో వాక్యం దగ్గర. లైన్ సరిగా లేదని చెప్పడం అబద్ధం కదా అని వెనకాడేవాళ్లు ఆటిజం ఉన్నవాళ్లలో చాలామంది ఉంటారు, చిన్న అబద్ధం కూడా గొంతు దిగదు. 3,400 హెర్ట్జ్ దగ్గర గొంతును కోసేసే లైన్ సరిగా లేదనడంలో అబద్ధం ఏముంది? నిశ్చింతగా చెప్పొచ్చు.

కాల్ ఎప్పుడు చేయాలో మనమే నిర్ణయించుకోవడం మరో ఆసరా. ఆస్పత్రి తెరిచిన మొదటి అరగంట రద్దీ దాటాక చేయడం, తలుపు వేసుకోవడం, ఫ్యాన్ ఆపడం, రెండు చెవులకీ హెడ్‌ఫోన్ పెట్టుకోవడం. రెండు చెవులకీ అనడంలో అర్థం ఉంది. మాట రెండు చెవులకీ అందుతుంది, బయటి రొద కూడా తగ్గుతుంది. నడుస్తూ మాట్లాడితే తేలిగ్గా ఉండేవాళ్లు నడవాలి, చేతిలో ఏదో తిప్పుతూ ఉంటే మాట వచ్చేవాళ్లు తిప్పాలి. అవతల ఎవరికీ కనబడదు, ఫోన్‌లో ఉన్న ఒకే ఒక్క సుఖం అది. కాల్ అయ్యాక మరో పని పెట్టుకోకుండా కాసేపు ఊరకే ఉండటం కూడా ఆ కాల్‌లో భాగమనే లెక్కేయాలి.

వచ్చే కాల్స్ వేరే కథ, వాటికి కాగితం పనికిరాదు. ఇక్కడ నంబరే పరిచయం. మన దేశంలో వాణిజ్య ప్రచారానికి 140తో మొదలయ్యే నంబర్లు, బ్యాంకుల వంటి సంస్థల సేవా కాల్స్‌కి 1600తో మొదలయ్యేవి కేటాయించారు. ప్రచార కాల్స్ వద్దనుకుంటే 1909కి చెప్పుకోవచ్చు. పరిచయం లేని నంబర్లు మోగకుండా ఆపే సెట్టింగ్ చాలా ఫోన్లలో ఉంది. కాల్ ఎత్తకుండా "మీటింగ్‌లో ఉన్నాను, దయచేసి మెసేజ్ చేయండి" అని పంపే సౌకర్యమూ ఉంది. ఈ దేశంలో తెలియని నంబరు ఎత్తకపోవడం భయస్తుల లక్షణమేమీ కాదిప్పుడు, సైబర్ పోలీసులు చెప్పేది కూడా ఇంచుమించు అదే. చిక్కల్లా డెలివరీ అబ్బాయితో. మ్యాప్‌లో లొకేషన్ ఉన్నా "గుడి దాటాక ఎటు సార్?" అని ఫోన్ రావాల్సిందే. ఆర్డరుతో పాటే "ఆకుపచ్చ గేటు, రెండో అంతస్తు, కాల్ వద్దు, మెసేజ్ చేయండి" అని రాస్తే సగంసార్లైనా పనిచేస్తుంది.

అత్యవసరం వస్తే ఏం చేయాలో ముందే చూసుకోవాలి. ఒత్తిడి పెరిగినప్పుడు మాటే పెగలకుండా పోవడం ఆటిజం ఉన్న కొందరికి జరుగుతుంది. అలాంటివాళ్లు 112 ఇండియా యాప్‌ని ముందే పెట్టుకోవచ్చు. ఇంటి చిరునామా, ఆరోగ్య సమస్య, "నేను మాట్లాడలేను, వినగలను" అన్న వాక్యం కలిపి ఒక మెసేజ్‌గా సిద్ధం చేసి దగ్గరివాళ్లలో ఇద్దరు ముగ్గురికి పంపేలా ఉంచుకోవాలి.

ఇంతవరకూ బరువంతా ఒకవైపే మోపాను, అది న్యాయం కాదు. డేమియన్ మిల్టన్ అనే ఆటిజం ఉన్న బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త 2012లో ఎత్తిన వాదన ఏమిటంటే, రెండు రకాల మనుషుల మధ్య మాట కుదరకపోతే లోపం ఒకరిలోనే ఉందనడం కుదరదు, అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుంది. ఎడింబరోలో కాథరిన్ క్రాంప్టన్ బృందం దీన్ని పరీక్షకి పెట్టింది. ఎనిమిదేసి మంది వరసలో ఒక కథని ఒకరి నుంచి ఒకరికి చెప్పించుకుంటూ పోయారు. 2020లో వచ్చిన ఫలితం ప్రకారం అందరూ ఆటిజం ఉన్నవాళ్లే అయిన వరసలో కథ, అందరూ ఆటిజం లేనివాళ్లే అయిన వరసలో ఎంత నిలిచిందో అంతే నిలిచింది. కలగాపులగం వరసలోనే ఎక్కువ చెదిరింది. 2025లో ఇంకా ఎక్కువమందితో చేసినప్పుడు ఆ తేడా కూడా కనబడలేదు. ఏ లెక్కన చూసినా, విషయం చేరవేయడం ఆటిజం ఉన్నవాళ్లకి చేతకాదనడానికి ఆధారం దొరకలేదు.

కాబట్టి ఫోన్ చేసేవాళ్లు చేయగలిగింది చాలానే ఉంది. ముందు ఒక మెసేజ్: ఎవరు, దేని గురించి, ఎంతసేపు, ఇవాళే కావాలా రేపైనా ఫర్వాలేదా. "ఒకసారి కాల్ చెయ్" అని మాత్రం పంపకండి, మధ్యాహ్నం పంపితే రాత్రి దాకా అవతలి మనిషి కడుపులో తిప్పుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు అమెరికాలో ఉన్న చుట్టాలతో మాట్లాడుతూ "ఇదిగో, వీడితో మాట్లాడండి" అని మధ్యలో ఫోన్ చేతిలో పెట్టే అలవాటు మానాలి. అంత తప్పదనుకుంటే అవతల ఎవరో, ఎన్ని నిమిషాలో ముందు చెప్పాలి.

ఆఫీసులకైతే చట్టమే చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో ఆటిజం ఉంది. తగిన సర్దుబాట్లు చేయాలన్న మాటా ఆ చట్టంలో ఉంది. ర్యాంపు కట్టడం సర్దుబాటని ఇప్పుడు అందరికీ తెలుసు. ఫోన్‌కి బదులు ఉత్తరమో మెసేజో తీసుకోవడం కూడా అలాంటిదే అన్న సంగతి ఇంకా బల్లల దాకా రాలేదు. "ఫోన్‌లో ఆయనే మాట్లాడాలి, వేరేవాళ్లు చెప్తే కుదరదు" అని బ్యాంకు కౌంటర్ వెనకనుంచి వినపడుతూనే ఉంటుంది. మన ఊళ్లలో చిన్న క్లినిక్కులు వాట్సాప్‌లో అపాయింట్‌మెంట్లు ఎప్పటినుంచో ఇస్తున్నాయి, ఏ చట్టం చదవకుండానే. పెద్ద ఆస్పత్రులూ బ్యాంకులూ బోర్డు మీద నంబరు పక్కన "మెసేజ్ చేసినా చాలు" అని రాయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చిన మెసేజ్‌లు చూసి జవాబిచ్చే మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. ఎవరూ చూడని నంబరు రాయడం కన్నా రాయకపోవడమే నయం.